ఆటోవాలాకూ ఒక దవాఖాన

గోదావరిఖనిలో ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. అన్నది సింగరేణి బొగ్గు కంపెనీలో పర్మినెంటు నౌకరి. తమ్ముడు బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. ఓపెన్‌కాస్టు దుమ్ముకు ఈ తేడా తెలియదు, ఇద్దరి దుప్పట్ల మీదా పడుతుంది. దగ్గు మొదలయ్యాకే దారులు వేరు. అన్న కంపెనీ ఆసుపత్రికి పోతాడు. అక్కడ కాకపోతే హైదరాబాద్‌కు రిఫర్ చేస్తారు, బిల్లు కంపెనీదే. తమ్ముడు మందుల షాపులో గోలీ అడిగి వేసుకుని మళ్లీ హ్యాండిల్ పట్టుకుంటాడు.

ఊరి పుట్టుకే అట్లాంటిది. 1960 ప్రాంతంలో ఇక్కడ బొగ్గు బాయిలు తెరిచాకే గోదావరి ఒడ్డున ఈ ఊరు లేచింది. నౌకరి వెంట క్వార్టరు, క్వార్టరు వెంట వైద్యం వచ్చాయి. నౌకరి లేనోళ్ల సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

మొదటి మార్పు బాయి వైపు నుంచి రాలేదు. ఆపరేషన్ ఖర్చుకు సాయం చేయమంటూ ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చే అర్జీల్లోంచి వచ్చింది. అర్జీకో చెక్కు రాసే బదులు పేదలందరికీ ఒకే ఏర్పాటు ఎందుకుండకూడదన్న ఆలోచన 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ అయింది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లోనే పెట్టారు. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా అందింది. తెల్లకార్డు ఉంటే చాలు, తమ్ముడి గుండె ఆపరేషన్ కూడా ప్రైవేటు ఆసుపత్రిలో ఉచితం. కాకపోతే ఆ ఆసుపత్రి కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండేది. వెంటపోయిన ఇల్లాలు పోగొట్టుకున్న కూలికి ఏ కార్డూ లేదు.

డాక్టరునే ఊరికి రప్పించే పని మెడికల్ కాలేజీతో మొదలైంది. సింగరేణి 500 కోట్ల రూపాయలు ఇస్తానంది. 2022 నవంబరు 15న రాష్ట్రంలో ఒకేరోజు మొదలైన ఎనిమిది కాలేజీల్లో గోదావరిఖని ఉన్న రామగుండానిది ఒకటి. సీట్లు 150.

కాలేజీ అంటే పిల్లల చదువనే అనుకుంటాం. రోగి వైపు నుంచి చూడండి. చదువు చెప్పాలంటే మంచాలు కావాలి, మంచాల పక్కన ప్రొఫెసర్లు కావాలి. మత్తు డాక్టరు ఊళ్లోనే ఉంటే అర్ధరాత్రి కాన్పు కష్టమైనా అంబులెన్సు ఎక్కించే అవసరం తగ్గుతుంది. సర్కారు దవాఖానను పెంచక తప్పని పరిస్థితి కాలేజీ నియమాలే తెచ్చిపెడతాయి.

మా చెమట పైసలతో మాకే సూపర్ స్పెషాలిటీ కట్టొచ్చు కదా అనే కార్మికులున్నారు. అందులో న్యాయం లేదని అనలేను. కానీ అది కట్టినా తమ్ముడు గేటు బయటే నిలబడేవాడు.

సీట్లలో 5 శాతం సింగరేణి ఉద్యోగుల పిల్లలకు కేటాయించారు. అన్న బిడ్డకు అందులో ఒకటి దొరికితే, స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తుల చప్పుడు వినడం తన చిన్నబాపు మంచం పక్కనే నేర్చుకోవచ్చు.