పన్నెండు ముఖాల డబ్బా, పోయిన పంఖా

దొంగతనం ఇల్జామ్ నా మీద జీవితంలో ఒక్కసారే పడింది. అదీ ఒక పంఖా కోసం.

2019 ఎండాకాలం. కర్నూలులో నా చిన్న కంప్యూటర్ దుకాణం. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ. మా గల్లీ చివర దర్జీ పని చేసే చిచ్చా వచ్చాడు. చేతి సంచిలోంచి నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాడు. పన్నెండు ముఖాల డబ్బా. వెలుగు పడితే అద్దంలా మెరుస్తుంది. అత్తరు సీసాలు పెట్టుకునే పెట్టెలా ఉంటుంది.

"మియా, ఇస్మే కా పంఖా కాఁ గయా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. చిచ్చా కొడుకు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. రెండు నెలల కింద నా దగ్గరే కోర్ ఐ9-9900కె ప్రాసెసరూ, మదర్‌బోర్డూ కొన్నాడు. మూడేళ్ళ కింద అతను కొన్న ఐ5 డబ్బాలో చిప్‌తో పాటు గుండ్రటి పంఖా ఉంది. దానికి రెండింతలకు మించి ఖరీదు పెట్టిన ఈ డబ్బాలో పంఖా లేదు. తక్కువ రకం సామానుకి పంఖా ఇచ్చి, ఎక్కువ రకం సామానుకి ఇవ్వకపోవడమేంటి? మధ్యలో దుకాణందారు కాజేసి ఉంటాడు. చిచ్చా హిసాబ్ అది. ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు ఇట్లాంటోడివి కాదనుకున్నా బేటా" అన్నాడంతే. అరిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రోజు ఆయనకు నేను చెప్పిన జవాబే ఈ కిస్సా. అప్పుడు తొందరలో ముక్కలు ముక్కలుగా చెప్పా. ఇప్పుడు ఫుర్సత్‌గా రాస్తున్నా.

నేను ఈ పని నేర్చుకున్నది సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, 1999లో. ఉస్తాద్ మొదటి పాఠం చిప్ గురించి చెప్పలేదు, డబ్బా గురించి చెప్పాడు. ప్రాసెసర్ రెండు తీర్లుగా వస్తుంది. ఒకటి ట్రే సరుకు. పెద్ద కంపెనీల కోసం పళ్ళెంలో వరసగా పేర్చి పంపే చిప్‌లు. డబ్బా ఉండదు, పంఖా ఉండదు. తయారు చేసిన కంపెనీ మనకి నేరుగా జమానత్ ఇవ్వదు, అమ్మినవాడి మాటే దిక్కు. రెండోది డబ్బా సరుకు. సీలు వేసిన అట్టపెట్టె, లోపల చిప్, దానికి సరిపడా పంఖా, మూడేళ్ళ వారంటీ. "డబ్బా అంటే అట్ట కాదురా, అమానత్" అనేవాడు ఉస్తాద్.

ఆ మాట ఊరికే అన్నది కాదు. 1990లలో దుకాణాలను భయపెట్టిన మోసం ఒకటుంది. తక్కువ వేగం పెంటియం చిప్ మీది అక్షరాలను గీకేసి, ఎక్కువ వేగం నంబరు అచ్చు వేసి అమ్మేవాళ్ళు. పైకి చూస్తే తేడా తెలియదు. ఇంట్లో నడుస్తుంది కూడా, కొన్నాళ్ళు. ఎండాకాలం రాగానే వేడెక్కి ఆగిపోతుంది. ఇంటెల్ తర్వాత్తర్వాత చిప్ వేగాన్ని లోపలే తాళం వేసి అమ్మడానికి ఒక కారణం ఈ నక్లీ సరుకే. సీలు డబ్బాకు విలువ పెరగడానికీ అదే కారణం.

ఇక పంఖా సంగతి. 386 కాలంలో ప్రాసెసర్‌కు పంఖా అన్న మాటే లేదు. ఒట్టి చిప్ బోర్డు మీద కూర్చుని పని చేసేది. 486లు వేగం పుంజుకునేసరికి నెత్తిన అల్యూమినియం రెక్కలు వచ్చాయి. 1993లో పెంటియం వచ్చింది. మొదటి 66 మెగాహెర్ట్జ్ చిప్ 5 వోల్టుల మీద నడుస్తూ 16 వాట్ల దాకా తాగేది. దాంతో పంఖా తప్పనిసరి సామాను అయిపోయింది. 1997లో పెంటియం 2 వచ్చినప్పుడు ఇంటెల్ చిప్‌ను వీడియో గేమ్ క్యాసెట్ లాంటి నల్లటి పెట్టెలో బిగించి, బోర్డు మీద నిలువుగా గుచ్చేలా చేసింది. డబ్బా సరుకైతే పంఖా ఆ క్యాసెట్‌కు ముందే అతికించి వచ్చేది. 300 మెగాహెర్ట్జ్ చిప్ 43 వాట్లు. వేడి ఎంతో, దాన్ని చల్లార్చేది ఏదో రెండూ కంపెనీ లెక్కే. మన పని గుచ్చడమే.

తర్వాతి రోజులు నా వేళ్ళకి బాగా గుర్తు. 2000లో ఏఎండీ ఆథ్లాన్ మళ్ళీ సాకెట్‌లోకి వచ్చింది. చిప్ మధ్యలో సిలికాన్ ముక్క వేలిగోరంత, పైన ఏ మూతా లేకుండా. నాలుగు మూలలా చిన్న మెత్తటి దిండ్లు. దాని మీద హీట్‌సింక్ పెట్టి, స్క్రూడ్రైవర్‌తో క్లిప్పును బలంగా నొక్కి సాకెట్ కొక్కేనికి తగిలించాలి. కాస్త వంకరగా దించితే సిలికాన్ అంచు చిట్లిపోతుంది. స్క్రూడ్రైవర్ జారితే బోర్డు గీతలు తెగుతాయి. 2001లో నేను రెండూ చేశాను, ఒకే వారంలో. తప్పు పూర్తిగా నా చెయ్యిదే, తొందర నాదే. ఉస్తాద్ జీతంలో కోసుకోలేదు. "ఇక నుంచి ఊపిరి బిగబట్టి దించు" అన్నాడు.

అదే ఏడాది టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళ వీడియో ఒకటి దుకాణాల్లో చేతులు మారింది. నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి హీట్‌సింక్ పీకేసి చూశారు. పెంటియం 4 తనంతట తాను వేగం తగ్గించుకుని బతికింది. ఆథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోయింది. 1.4 గిగాహెర్ట్జ్ ఆథ్లాన్ 72 వాట్ల చిప్. అప్పుడు మాకు తెలిసింది, పంఖా అలంకారం కాదు, చిప్ ప్రాణంలో సగం అని. ఏఎండీ డబ్బా వారంటీ షరతుల్లో కూడా ఆ సంగతే ఉండేది. డబ్బాలో ఇచ్చిన కూలర్ కాక వేరేది వాడితే జమానత్ చెల్లదు. అంటే చిప్, పంఖా ఒకే ఒప్పందంలో రెండు దస్తఖతులు.

2003లో ఇంకో దారి తెరుచుకుంది. పెంటియం 4 ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్, ఆథ్లాన్ 64 ఎఫ్ఎక్స్ అని షౌఖీన్ల కోసం ప్రత్యేకంగా చిప్‌లు వచ్చాయి. ధర మామూలు చిప్‌ల కన్నా చాలా ఎక్కువ. అయినా డబ్బాలో కూలర్ ఉండేది. 2004లో ప్రెస్కాట్ పెంటియం 4లు 100 వాట్లు దాటేశాయి. ఇంటెల్ పంఖా నడుమ రాగి గుండె పెట్టింది. కొత్త 775 సాకెట్‌తో నాలుగు ప్లాస్టిక్ మేకుల పద్ధతి వచ్చింది. మేకులు నొక్కేటప్పుడు బోర్డు వంగితే గుండె ఆగినట్టుండేది. నాలుగింట్లో ఒకటి సరిగా దిగకపోయినా మెషీన్ ఉడికిపోయేది.

ఈ పద్ధతికి శిఖరం 2010 మార్చి. కోర్ ఐ7-980ఎక్స్, ఆరు కోర్లు, 999 డాలర్లు, 130 వాట్లు. దాని డబ్బాలో ఇంటెల్ మామూలు గుండ్రటి పంఖా పెట్టలేదు. రాగి గొట్టాలతో నిలువెత్తు టవర్ కూలర్ పెట్టింది. నిశ్శబ్దంగా నడవాలా, జోరుగా నడవాలా అని మీట కూడా ఉండేది దానికి. ఖరీదైన సామానుకి ఖరీదైన పంఖా. చిచ్చా హిసాబ్ ఆ నెలలో నూటికి నూరు పాళ్ళు నిజం.

చిత్రం ఏంటంటే అదే నెలలో అమెరికాలో ఇంకో కిస్సా జరిగింది. ఓ ఆన్‌లైన్ దుకాణం నుంచి కోర్ ఐ7-920 తెప్పించుకున్న కొందరికి నక్లీ డబ్బాలు చేరాయి. చిప్ ఉండాల్సిన చోట పనికిరాని ముక్క. డబ్బా మీద అక్షర దోషాలు. పంఖా ఉండాల్సిన చోట పంఖా ఆకారంలో పోతపోసిన బొమ్మ. నాకు ఆ బొమ్మ పంఖా మీదే మనసు నిలిచిపోయింది. పంఖా లేకపోతే డబ్బాను ఎవరూ అస్లీ అని నమ్మరని ఆ దొంగలకి కూడా తెలుసు. పంఖా గవాహి.

ఏడాదిన్నరలో ఆ గవాహి మాయమైంది. 2011 నవంబర్‌లో వచ్చిన కోర్ ఐ7-3960ఎక్స్ డబ్బాలో కూలర్ లేదు. కావాలంటే ఇంటెల్ పేరుతోనే నీళ్ళ కూలర్ విడిగా కొనుక్కోవాలి. కారణం లేకపోలేదు. ఇంత పెట్టి కొనేవాళ్ళు డబ్బాలోని పంఖాను పక్కన పడేసి తమకు నచ్చింది పెట్టుకునేవాళ్ళు. నా దుకాణం అటక మీద కూడా అలాంటి కొత్త పంఖాలు మూలుగుతుండేవి. వాడని వస్తువుకు లోహం, బరువు, రవాణా ఎందుకు? కంపెనీ లెక్క అది. 2015లో ఐ7-6700కెతో ఆ లెక్క మామూలు షౌఖీన్ల దాకా దిగింది. అప్పట్నుంచి ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉంటే పంఖా నీ బాధ్యతే.

ఏఎండీ కొంతకాలం ఎదురీదింది. 2016లో రేత్ అనే మంచి కూలర్ తెచ్చింది. 2018లో రైజెన్ 7 2700ఎక్స్‌తో రంగుల దీపాల రేత్ ప్రిజమ్ ఇచ్చింది. 2019 జూలైలో పన్నెండు కోర్ల 3900ఎక్స్‌కి కూడా అదే ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో పదహారు కోర్ల 3950ఎక్స్ ఉత్త చేతులతో వచ్చింది. 2020లో 5900ఎక్స్, 5950ఎక్స్ కూడా అంతే. చిన్నదైన 5600ఎక్స్‌కి మాత్రం పంఖా ఉంది.

పంఖా పోయిన చోటులోకి ఏమొచ్చింది? షాన్ వచ్చింది. 2017లో థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ డబ్బా చూడాలి, చిన్న టీవీ అంత. చిప్‌ను మధ్యలో నగలా నిలబెట్టారు. బిగించడానికి ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ ఇచ్చారు, నీళ్ళ కూలర్‌ను తగిలించే చట్రం ఇచ్చారు. కూలర్ ఇవ్వలేదు. 2018 అక్టోబర్‌లో ఐ9-9900కె పన్నెండు ముఖాల పెట్టెతో వచ్చింది. అందంగా ఉన్నా కార్టన్‌లో పేర్చడానికి కుదిరే ఆకారం కాదు. 2020లో ఇంటెల్ దాన్ని మానేసి మళ్ళీ సాదా అట్టపెట్టెకి దిగింది. 2021 ఐ9-12900కె డబ్బాలో బంగారు రంగు సిలికాన్ పళ్ళెం ఆకారం పెట్టింది. ఆ చిప్ గట్టిగా పనిచేస్తే 241 వాట్ల దాకా వెళ్తుందని కంపెనీయే చెప్పింది. పెంటియం కాలం నుంచి పదిహేను రెట్లు. వేడి పెరిగేకొద్దీ డబ్బా అందం పెరిగింది, లోపలి పంఖా కరిగిపోయింది.

ఇదంతా చిచ్చాకి అలా చెప్పలేదు లెండి. కంపెనీ వెబ్‌సైట్ తెరిచి చూపించా. అటక మీద నుంచి పాత డబ్బాలు దించి పక్కన పెట్టా. దేనికి ఉంది, దేనికి లేదు, ఎప్పట్నుంచి లేదు అని. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "అచ్ఛా... అంటే అసలే రాలేదన్నమాట" అన్నాడు. నా ఇజ్జత్ నాకు దక్కింది.

అక్కడితో లేచిపోయి ఉంటే ఈ కిస్సా నేను రాసేవాణ్ణి కాదు. లేవలేదాయన. ఇంకో సవాల్ వేశాడు. "మరి కొన్నప్పుడు మావాడికి ఎందుకు చెప్పలేదు బేటా?"

జవాబు లేదు నా దగ్గర. ఇంత చిప్ కొనేవాడికి తెలిసే ఉంటుందిలే అనుకున్నా. ఆ కుర్రాడు పాత ఐ5 పంఖాను దీని మీద బిగించాడు. కొక్కేలు సరిపోయాయి, కుదిరిందనుకున్నాడు. అది 65 వాట్ల చిప్‌కి తగ్గ పంఖా. రెండు నెలలుగా ఎడిటింగ్ మొదలెట్టగానే మెషీన్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోంది, పంఖా విమానంలా అరుస్తోంది. పాతదాని కన్నా కాస్తే నయం. పెళ్ళిళ్ళ సీజన్ అంతా అతను రాత్రుళ్ళు మేలుకుని పని అందించాడు. తండ్రి మిషన్ తొక్కి కూడబెట్టిన సొమ్ముతో కొన్న తాకత్ సగం వేడిలోనే ఆవిరైపోయింది.

పంఖా డబ్బాలో ఉన్నన్నాళ్ళు దుకాణందారు మూగవాడైనా గిరాకీకి నష్టం లేదు. చెప్పాల్సినదంతా కంపెనీ డబ్బాలోనే పెట్టేది. పంఖా బయటికి వెళ్ళిన రోజు నుంచి ఆ అమానత్ మా నాలుక మీదికి వచ్చింది. కంపెనీ దాచిపెట్టలేదు. నేను మాట్లాడలేదు. పంఖా దొంగిలించలేదు కానీ, చెప్పాల్సిన మాటను కాజేశాను. చిచ్చా ఇల్జామ్ పూర్తిగా అబద్ధం కాదు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి మంచి టవర్ కూలర్ బిగించి వచ్చా. అసలు ధరే తీసుకున్నా, అదీ సగం చిచ్చా బలవంతం మీద. పాత పంఖా ఇప్పితే కింద పేస్ట్ ఎండి సున్నంలా రాలింది. కొత్త పంఖా తిరగడం మొదలయ్యాక కుర్రాడు ఓ పెళ్ళి వీడియో పెట్టి చూశాడు. చిచ్చా తెర వైపు చూడలేదు. చెవి దగ్గరగా పెట్టి, చప్పుడు రావట్లేదని నవ్వాడు.

ఆ నీలం డబ్బా ఇప్పటికీ ఆయన దుకాణంలోనే ఉంది. బటన్లు దాచుకుంటున్నాడు అందులో. నా దుకాణంలో మాత్రం కౌంటర్ వెనక చేత్తో రాసిన చీటీ ఒకటి ఉంది, గిరాకీల కోసం కాదు, నా కోసం: "డబ్బాలో పంఖా లేకపోతే, ముందు ఆ మాట చెప్పు. తర్వాతే పైసలు తీసుకో."