యువ ప్రచారకుని ఏడు దినాలు: విశాఖ తీరం చెప్పే పాఠం

క్రీ.శ. 1805 జూలై మాసంలో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు యువ క్రైస్తవ ప్రచారకులు విశాఖపట్నం చేరుకున్నారు. అదే సంవత్సరం డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక రైతు ఇంట జోసెఫ్ స్మిత్ జన్మించాడు. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధమేమీ లేదు. అయినా ఆ ఇద్దరు యువకులు వేసిన దారిలోనే, జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘానికి చెందిన యువకులు దాదాపు రెండు శతాబ్దాల అనంతరం తెలుగునాట నడవడం ప్రారంభించారు. వీరినే లోకం మార్మన్ ప్రచారకులని పిలుస్తుంది. వీరి వారం ఎలా గడుస్తుంది? వారి శ్రమలో ఫలించినదేది, ఫలించనిదేది? ధర్మప్రచారం గురించి ఆలోచించే ప్రతి సమాజమూ వేసుకోదగిన ప్రశ్నలివి.

మొదట ఈ ప్రాంతపు పూర్వరంగం చూడాలి. శ్రీకాకుళానికి ఆనాటి ప్రభుత్వ పత్రాల్లో చికాకోల్ అని పేరు. కుతుబ్‌షాహీల కాలంలో అది ఒక సర్కారుకు ముఖ్యపట్టణం. అక్కడి ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో నిర్మింపజేసిన జుమ్మా మసీదు నేటికీ నిలిచి ఉంది. 1765, 1766 సంవత్సరాల ఒప్పందాలతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. అయితే కంపెనీ వారికి కావలసింది వర్తకం, శిస్తు. మత ప్రచారకులు వస్తే ప్రజల్లో అలజడి పుడుతుందని వారి భయం. అందుచేత క్రాన్, డెగ్రాంజెస్‌లు కంపెనీ ఓడలో కాక, డెన్మార్క్ దేశపు ఓడలో డేనుల స్థావరమైన తరంగంబాడికి వచ్చి, అక్కడి నుండి విశాఖ చేరవలసి వచ్చింది. ప్రచారకుల రాకపై ఆంక్షలు సడలింది 1813 చార్టర్ చట్టంతోనే.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన ఆ ఇద్దరికీ తెలుగు అక్షరం రాదు. నిఘంటువులు లేవు. ఇంగ్లీషు ద్వారా తెలుగు నేర్చుకోవడానికి సరైన వ్యాకరణం కూడా అప్పటికి అచ్చు కాలేదు. వారు చేసిన మొదటి పని బోధించడం కాదు, నేర్చుకోవడం. పగలు బడి నడిపారు, పండితులను ఆశ్రయించి భాష అభ్యసించారు. తరంగంబాడిలో క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు 1808లో వచ్చి చేరడంతో అనువాదం ఊపందుకుంది. కానీ ఆయుష్షు సహకరించలేదు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించారు. వారు వదలివెళ్లిన మూడు సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. వారి తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

ఇంత శ్రమకు దక్కిన ఫలితమేమిటి? దాదాపు మూడు దశాబ్దాల వరకు విశాఖ మిషనుకు చెప్పుకోదగిన మతాంతరీకరణ ఒక్కటీ లేదు. లెక్కల దృష్టితో చూస్తే ఇది సంపూర్ణ వైఫల్యం. కాని పుస్తకం మిగిలింది. మనుషులు వెళ్లలేని చోటికి పుస్తకం వెళ్లింది. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి తెలుగులో అచ్చయిన క్రైస్తవ రచన ద్వారా ఆ మతం వైపు ఆకర్షితుడై, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. తెలుగు క్రైస్తవులు తరతరాలుగా పాడుకుంటున్న కీర్తనలు రచించినవాడు ఆయనే. ఆ తరువాత శ్రీకాకుళంలో, 1852లో విజయనగరంలో అదే సొసైటీ కేంద్రాలు వెలిశాయి. 1840లో విశాఖ వచ్చిన జాన్ హే అర్ధశతాబ్ది పాటు ఇక్కడే ఉండి బైబిలు తెలుగు అనువాదంపై కృషి చేశాడు. 1870వ దశకంలో కెనడా బాప్టిస్టులు భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి పట్టణాల్లో స్థిరపడి పాఠశాలలు, వైద్యశాలలు నెలకొల్పారు.

ఇక మార్మన్ల విషయం. జోసెఫ్ స్మిత్ తనకు దైవదూత ద్వారా బంగారు రేకులపై లిఖించిన గ్రంథం లభించిందని ప్రకటించి, 1830లో ‘మార్మన్ గ్రంథం’ ప్రచురించాడు. అదే ఏడు ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో సంఘాన్ని స్థాపించాడు. 1844లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజి చెరసాలలో అల్లరిమూక అతణ్ణి హత్య చేసింది. అతని అనుచరులు బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో 1847లో సాల్ట్ లేక్ లోయకు వలసపోయారు. అంతిమ ప్రవక్తతో ప్రవక్తల పరంపర ముగిసిందని విశ్వసించే ముస్లింలకు స్మిత్ ప్రవక్తృత్వ వాదన అంగీకార యోగ్యం కాదు. క్రైస్తవ సంఘాల్లో అధిక భాగం కూడా ఆ వాదనను తిరస్కరించాయి. అయితే ఒక సమాజపు విశ్వాసాన్ని తిరస్కరించడం వేరు, దాని పని తీరును పరిశీలించడం వేరు.

ఈ సంఘం భారతదేశంలో కాలుపెట్టింది 1851లో, కలకత్తాలో. 1853లో సాల్ట్ లేక్ నుండి 13 మంది ప్రచారకులు కలకత్తా వచ్చి, అక్కడి నుండి వివిధ ప్రాంతాలకు వెళ్లారు. రిచర్డ్ బాలంటైన్ బృందం మద్రాసు చేరింది. కలకత్తాకు, మద్రాసుకు నడుమ ఉన్న ఈ తెలుగు తీరం వారి కార్యక్షేత్రం కాలేదు. వారు ఎక్కువగా కంటోన్మెంట్లలోని తెల్ల సైనికులను, యూరోపియన్ కుటుంబాలను ఆశ్రయించి ఇంగ్లీషులో ఉపన్యసించారు. దేశభాషలలో వేళ్లూనుకోలేదు. ఎండ, వ్యాధులు, ఇతర పాదరీల వ్యతిరేకత, వీటికి తోడు ఆ కాలంలో ఆ సంఘం ఆచరించిన బహుభార్యాత్వంపై చెలరేగిన నిందలు. 1856 నాటికి అందరూ వెనుదిరిగారు. అర్ధశతాబ్ది ముందు భాషతో పని మొదలుపెట్టిన విశాఖ ప్రచారకులు కనీసం ఒక పుస్తకాన్ని మిగిల్చారు. వీరు వెనుక మిగిల్చింది అత్యల్పం.

రెండవ ప్రయత్నం 1978లో జరిగింది. దాని స్వరూపమే వేరు. ఉద్యోగరీత్యా సమోవా దీవులకు వెళ్లిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు అక్కడ ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో సంఘ పెద్దలు వారినే ప్రచారకులుగా హైదరాబాదుకు పంపారు. వారి బంధువర్గం నుండి 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి, బాప్టిస్టు పాస్టరు శ్రీనివాసం గారు మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేయగా, 1980వ దశకం తొలినాళ్లలో ఎంపిక చేసిన భాగాలు అచ్చయ్యాయి. 13 మంది విదేశీయులు మూడేళ్లలో సాధించలేనిది, ఒక తెలుగు జంట కొద్ది కాలంలో, బంధుత్వం ద్వారా, మాతృభాష ద్వారా సాధించింది. క్రమంగా రాజమండ్రి, విశాఖపట్నం పట్టణాల్లో శాఖలు ఏర్పడ్డాయి. 1993లో బెంగుళూరు కేంద్రంగా మిషను ప్రారంభమయింది. 2012 మే నెలలో, భారతదేశంలో మొదటిసారిగా, పలు స్థానిక సంఘాలను కలిపిన ఒక పెద్ద పాలనా విభాగం హైదరాబాదులో ఏర్పడింది.

ఈ శాఖల్లో పనిచేసే యువ ప్రచారకుడు ఎవరు? సాధారణంగా 18 నుండి 25 ఏళ్ల మధ్య వయసు వాడు. జీతం లేదు. ఖర్చులో భాగం తనదో, తన కుటుంబానిదో. రెండు సంవత్సరాల కాలం చదువు, ఉద్యోగం, వివాహ ప్రయత్నం అన్నీ పక్కన పెడతాడు. ప్రపంచమంతటా ఇలాంటి వారు 70 వేలకు పైగా ఉన్నారు. భారతదేశంలో ఈ బాధ్యత వహించేది ఎక్కువగా భారతీయ యువతీ యువకులే. యువకుణ్ణి ‘ఎల్డర్’, అంటే పెద్ద, అని పిలుస్తారు. మీసకట్టు సరిగా రాని కుర్రవాడికి పెద్దరికం పేరు!

అతని వారానికి సోమవారం మొదలు. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి కబురు పంపడం ఆ రోజు పనులు. పూర్వం వారానికొక ఉత్తరం రాసేవారు. పండుగలకు తప్ప ఫోను చేయడానికి అనుమతి ఉండేది కాదు. 2019 నుండి వారానికొకసారి ఇంటివారితో మాట్లాడే వీలు కల్పించారు. సాయంత్రం నుండి మళ్లీ పని.

మంగళవారం మొదలు శనివారం వరకు దినచర్య ఒకే తీరు. తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో లేవడం, వ్యాయామం, ప్రార్థన, గ్రంథ పఠనం. ఆ పిమ్మట సహచరునితో కలిసి అధ్యయనం, అవసరమైతే భాషాభ్యాసం. ఎప్పుడూ ఇద్దరే, ఒంటరిగా బయటికి వెళ్లడం నిషిద్ధం. తెల్ల చొక్కా, మెడకు టై, జేబుమీద నల్లని పేరు పలక. కొన్ని వారాలకొకసారి సహచరుడు గాని ఊరు గాని మారవచ్చు. బరంపురం సరిహద్దు నుండి వచ్చినవాడికి చెన్నపట్నం కుర్రాడు జత పడవచ్చు. అప్పుడు ఒకరి భాష ఒకరికి గురువు. వారంలో ఒకనాడు తోటి ప్రచారకుల సమావేశం, మరొకనాడు రాబోయే వారానికి ప్రణాళిక, కొన్ని గంటలు సేవా కార్యక్రమం.

మధ్యాహ్నం ఎండలో నడిచి ఒక ఇంటికి వెళతారనుకుందాం. ఉత్తరాంధ్రలో అతిథికి టీ ఇవ్వకపోతే ఇంటివారికి నామోషీ. ప్రచారకుడు దాన్ని మృదువుగా నిరాకరించాలి. 1833లో స్మిత్ బోధించిన ఆరోగ్య నియమం ప్రకారం మద్యం, పొగాకులతో పాటు టీ, కాఫీ కూడా వారికి నిషిద్ధం. మంచినీళ్లు పుచ్చుకుని, కుశలం అడిగి, సమయం చూసి మాట మొదలుపెడతాడు. రంజాన్ మాసంలో పరుల ఇంట అల్పాహారం నిరాకరించవలసి వచ్చిన ముస్లిం యువకుడికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. నియమాన్ని పాటించాలి, ఎదుటివారి మనసు నొప్పించరాదు. ఎక్కువ ఇళ్లలో అతనికి దొరికేది మర్యాదే, అంగీకారం కాదు. రాత్రి పదిన్నరకు పడుకునేటప్పటికి అతని లెక్కలో చేరిన పేరు ఒక్కటి కూడా లేకపోవచ్చు.

ఆదివారం ఆరాధన. రొట్టె, ద్రాక్షారసానికి బదులు రొట్టె, నీరు పంచుతారు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటల ఉపవాసం ఉండి, ఆ భోజనపు ఖర్చును పేదలకిస్తారు. ఆదాయంలో పదో వంతు సంఘానికి చెల్లిస్తారు. మరుసటి రోజు సోమవారం, మళ్లీ అదే చక్రం. ఇలాంటి వారాలు నూటికి పైగా గడిస్తే రెండేళ్లు పూర్తవుతాయి.

ప్రచార స్వేచ్ఛకు చట్టపరమైన హద్దులున్నాయి. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని అనుసరించే, ప్రచారం చేసే హక్కునిచ్చింది. అయితే ప్రచారమంటే బోధను తెలియజేయడమే గాని ఇతరులను మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. శ్రీకాకుళానికి పొరుగునే ఉన్న ఒరిస్సాలో బలవంతం, ప్రలోభాలతో జరిగే మతాంతరీకరణను నిషేధించే చట్టం 1967లోనే వచ్చింది. ప్రలోభంతో, బెదిరింపుతో సంపాదించిన విశ్వాసం విశ్వాసమే కాదన్న విషయంలో ఇస్లాంకు సందేహం లేదు. కనుక ప్రచారకుని చేతిలో న్యాయంగా మిగిలే సాధనాలు మూడే: అతని భాష, అతని నడవడి, అతని ఓర్పు.

ఈ మూడింటిలో మొదటిది ఉత్తరాంధ్ర ముస్లిం చరిత్రను సూటిగా ప్రశ్నిస్తుంది. శ్రీకాకుళంలో మసీదు వెలసింది 1641లో. విశాఖలో ప్రచారకులు దిగింది 1805లో. ఏడేళ్లలో వారి గ్రంథభాగం తెలుగులో అచ్చయింది. దివ్య ఖుర్ఆన్ భావం తెలుగు పాఠకునికి అందింది మాత్రం 20వ శతాబ్దిలోనే. ఆ పని మొదట చేసినవాడు కూడా ముస్లిం కాడు. ఉత్తరాంధ్రలో పుట్టి, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ప్రభావంలో పెరిగిన భాషాశాస్త్రజ్ఞుడు చిలుకూరి నారాయణరావు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) వంటివారు తెలుగులో కవిత్వం చెప్పారు. ఆ తరువాత ముస్లిం విద్వాంసులు కూడా అనువాదాలు వెలువరించారు. అయినా మసీదు గోడకు, తెలుగు పుస్తకానికి మధ్య గడచిన మూడు శతాబ్దాల దూరం చిన్నది కాదు. ఆ కాలమంతా ఫార్సీ దర్బారులో, ఉర్దూ ఇంటిలో, అరబ్బీ నమాజులో ఉన్నాయి. వీధిలో మాత్రం ముస్లిం తన పొరుగువానితో తెలుగే మాట్లాడాడు, చేపలు బేరమాడాడు, పొలం కౌలుకు తీసుకున్నాడు, పెళ్లికి పిలిచాడు. తన ధర్మాన్ని మాత్రం ఆ భాషలో చెప్పలేదు. ఫలితంగా పొరుగువాడు ఇస్లాంను గురించి తెలుసుకున్నదంతా ఇతరులు చెప్పినదే అయింది.

1812 నాటి సువార్త అనువాదకులు తమ పుస్తకం అచ్చులో చూసుకోకుండానే మరణించారు. నేటి యువ ప్రచారకుడు టీ నిరాకరించి, ఎండలో నడిచి, రాత్రికి ఖాళీ చేతులతో పడుకుంటాడు. వారి విశ్వాసాలతో విభేదించేవారు సైతం వారి శ్రమను కాదనలేరు. పొరుగువాని భాషను గౌరవించి నేర్చుకున్నవాని మాటకే ఈ తీరంలో ఆయుష్షు దక్కింది. 1805 నుండి ఇక్కడి చరిత్ర చెబుతున్నది ఇదే. శ్రీకాకుళం జుమ్మా మసీదుకు పొరుగున నివసించే తెలుగువాడు, ఆ గోడలోపల ఏమి బోధిస్తారని అడిగితే, అతనికి అర్థమయ్యే తెలుగులో నాలుగు మాటలు చెప్పగల యువకులు ఎందరున్నారన్నదే మిగిలిన ప్రశ్న.