ఎక్సాన్ అటక మీద మూడు వస్తువులు

గ్లోబల్ వార్మింగ్ మీద మనవాళ్ళ మధ్య వాదన ఎక్కడ మొదలైనా చివరికి రెండు మాటల దగ్గరికొచ్చి ఆగుతుంది. ఒకటి: "అదంతా కంప్యూటర్ మోడళ్ళ గోల, రుజువైందేమీ లేదు." రెండోది: "నిజమే అనుకుందాం, ఐనా బొగ్గూ పెట్రోలూ కాకపోతే వేరే దారేముంది? సోలారూ, బ్యాటరీలూ నిన్నమొన్నటిదాకా లేవు కదా?" రెండూ సబబైన ప్రశ్నల్లాగే ఉంటాయి. వీటికి జవాబు కోసం పర్యావరణ ఉద్యమకారుల దగ్గరికి వెళ్ళక్కర్లేదు. 1970ల్లో ఒక చమురు కంపెనీ ఏమేం చేసిందో చూస్తే చాలు.

ఆ కంపెనీ ఎక్సాన్. రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్‌ని 1911లో అమెరికా సుప్రీం కోర్టు ముక్కలు చేసినప్పుడు మిగిలిన వాటిల్లో పెద్ద ముక్క ఇది. ఎక్సాన్ అన్న పేరు 1972లో పెట్టుకుంది. మరుసటి ఏడాదే అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. పీపా మూడు డాలర్ల దగ్గరున్నది కొన్ని నెలల్లోనే పన్నెండు దగ్గరకి చేరింది. దాంతో కంపెనీకి ఒకేసారి రెండు వచ్చిపడ్డాయి: బోలెడు డబ్బు, చమురు ఎల్లకాలం ఉండదేమోనన్న దిగులు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా... అడిగినవాడికల్లా ఒక ఆర్ అండ్ డీ ప్రాజెక్టు! నమ్మరేమో గానీ, జెడ్80 ప్రాసెసర్ చేసిన జైలాగ్ కంపెనీకి మొదట్లో పెట్టుబడి పెట్టింది కూడా ఎక్సానే. కాలేజీ ల్యాబులో 8085 కిట్‌తో కుస్తీ పట్టినవాళ్ళు దాని దాయాది జెడ్80 పేరు వినే ఉంటారు. సరే, అది వేరే కథ. మనకి కావలసినవి ఇంకో మూడున్నాయి.

మొదటిది సోలార్ పలక. సోలార్ సెల్ అప్పటికి కొత్తదేం కాదు, 1954లోనే బెల్ ల్యాబ్స్ వాళ్ళు చేసి చూపించారు. కానీ 1970 ప్రాంతాల్లో వాటుకి వంద డాలర్లు. ఆ ధర ఉపగ్రహాలకి తప్ప ఎవరికి గిట్టుతుంది? ఎలియట్ బెర్మన్ అనే ఆయన ఎక్సాన్ డబ్బుతో 1973లో సోలార్ పవర్ కార్పొరేషన్ అని పెట్టాడు. ఆయన చేసిన పనిలో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, అందులో గొప్ప కొత్త ఫిజిక్స్ ఏమీ లేకపోవడం. చిప్‌లు చేసేవాళ్ళు పనికిరావని పక్కన పడేసిన సిలికాన్ వేఫర్లు చవగ్గా కొన్నాడు. ఎండలోంచి కరెంటు తియ్యడానికి చిప్‌కి కావలసినంత స్వచ్ఛత అక్కర్లేదు మరి. వెనక సర్క్యూట్ బోర్డు, ముందు యాక్రిలిక్ రేకు, అంతే. వంద డాలర్ల వాటు ఇరవైకి దిగింది. ఇంతకీ కొన్నదెవరనుకున్నారు? గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం మధ్య చమురు తోడే కంపెనీలు! రాత్రిపూట ఓడలు గుద్దుకోకుండా పెట్టే దీపాలకి బ్యాటరీలు మోసుకెళ్ళి మార్చడం కన్నా ఈ పలక పెట్టుకోవడమే వాళ్ళకి లాభమైంది.

రెండోది లిథియం బ్యాటరీ. స్టాన్లీ విటింగ్‌హమ్ 1972లో ఎక్సాన్‌లో చేరాడు. టైటానియం డైసల్ఫైడ్ అనే పదార్థం పొరలు పొరలుగా ఉంటుంది. లిథియం అయాన్లు ఆ పొరల మధ్య దూరగలవు, తిరిగి బయటికీ రాగలవు. ఆ రాకపోకల మీద ఆయన మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకునే బ్యాటరీ కట్టి, 1976లో 'సైన్స్' పత్రికలో ప్రచురించాడు. ఇబ్బందులు లేవని కాదు. రెండో వైపు శుద్ధ లిథియం లోహం ఉండేది. పదేపదే చార్జ్ చేస్తుంటే దానిమీద మీసాల్లాంటివి మొలిచి, అవతలి కొసకి తగిలి, భగ్గున అంటుకునేది. ఆర్పడానికి వచ్చీ వచ్చీ విసిగిపోయిన ఫైరింజన్ వాళ్ళు, లిథియం మంటలకి వాడే ప్రత్యేక రసాయనాల ఖర్చు మీరే కట్టుకోండని బెదిరించారట :) ఆ పనికే 2019లో ఆయనకి, గుడ్ఇనఫ్, యోషినోలతో కలిపి నోబెల్ వచ్చింది.

ఇక మూడోది. ఇది వస్తువు కాదు, లెక్క. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని టిండాల్ 1859లోనే ప్రయోగం చేసి చూపించాడు. గాలిలో అది రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో అరీనియస్ 1896లో చేత్తో లెక్క కట్టాడు (కంప్యూటర్ మోడళ్ళ గోల అనేవాళ్ళు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి). 1958 నుంచీ కీలింగ్ హవాయి కొండ మీద కొలుస్తూనే ఉన్నాడు. 1977 జులైలో ఎక్సాన్ సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఈ సంగతంతా కంపెనీ పెద్దల ముందు పెట్టాడు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే రెండు మూడు డిగ్రీలు పెరుగుతుందని, ధ్రువాల దగ్గర ఇంకా ఎక్కువని, గట్టి నిర్ణయాలు తీసుకోవడానికి అయిదు నుంచి పదేళ్ళ వ్యవధి ఉండొచ్చని మరుసటి ఏడాది రాసి ఇచ్చాడు.

వాళ్ళు నవ్వి ఊరుకోలేదు, అదీ విశేషం. 1979లో 'ఎస్సో అట్లాంటిక్' అనే సొంత ట్యాంకరు ఓడకి పరికరాలు బిగించి, అది చమురు మోసుకుంటూ తిరిగే దారంతా గాలిలోనూ సముద్రంలోనూ కార్బన్ డయాక్సైడ్ కొలిపించారు. మోడళ్ళు నడిపారు. 1982 నవంబరులో లోపలివాళ్ళ కోసం తయారుచేసిన ఒక నివేదికలో గ్రాఫు ఉంది. 2020 దగ్గరపడేసరికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 415 పీపీఎం, వేడి ఒక డిగ్రీకి అటుఇటుగా పెరుగుతుందని అందులో గీశారు. హవాయి కొలతలు 415 దాటింది 2019 మేలో. 2023లో సుప్రాన్, రామ్‌స్టార్ఫ్, ఒరెస్కెస్ అనే ముగ్గురు 1977 నుంచి 2003 దాకా ఎక్సాన్ శాస్త్రవేత్తలు వేసిన అంచనాలన్నీ బయటికి తీసి, తర్వాత నిజంగా నమోదైన ఉష్ణోగ్రతలతో పోల్చారు. 63 నుంచి 83 శాతం అంచనాలు సరిపోయాయి. నలభై ఏళ్ళ కిందటి కోడు ప్రొడక్షన్‌లో అంత బాగా నిలబడితే మనమైతే కేక్ కోసుకునేవాళ్ళం.

మరి ఇవన్నీ ఏమైపోయాయి? కుట్ర జరిగిందని చెప్తే కథ రక్తి కడుతుంది గానీ, మొదట జరిగింది అంతకన్నా చాలా మామూలు విషయం. చమురు ధర పడిపోయింది. 1980లో పీపా 35 డాలర్లు దాటినది 1986కల్లా 15 కిందకి వచ్చింది. చమురు చవకైతే సోలార్ ఎవడిక్కావాలి? బ్యాటరీ పని ఆపేశారు, సోలార్ కంపెనీ మూసేశారు, ఓడ మీద కొలతలూ ఆగిపోయాయి. లాభం రాని పైలట్ ప్రాజెక్టుని మేనేజర్లు మూలన పడెయ్యడం మనం చూడనిదేం కాదు. ఇక్కడివరకూ నేను ఎక్సాన్‌ని తప్పుపట్టను.

తప్పుపట్టేది తర్వాతి అధ్యాయాన్ని. 1989లో గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అని పరిశ్రమలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. సైన్సు ఇంకా తేలలేదని చెప్పడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఎక్సాన్ అందులో ఉంది. 1997 అక్టోబరులో, క్యోటో సమావేశానికి రెండు నెలల ముందు, కంపెనీ అధిపతి లీ రేమండ్ బీజింగ్ వెళ్ళి ప్రపంచ పెట్రోలియం మహాసభలో మాట్లాడాడు. ఇరవై ఏళ్ళ కిందటి కన్నా భూమి ఇప్పుడు చల్లగానే ఉందన్నాడు. చర్యలు ఇప్పుడు తీసుకున్నా ఇంకో ఇరవై ఏళ్ళకి తీసుకున్నా పెద్ద తేడా ఉండదన్నాడు. పేద దేశాల అసలు సమస్య పేదరికమే కానీ వాతావరణం కాదన్నాడు. చివరి మాట మనకి నచ్చే మాటే, అందులో నిజమూ ఉంది. కానీ మొదటి రెండూ తన సొంత ల్యాబు పదిహేనేళ్ళ ముందు వేసిన గ్రాఫుకి పూర్తిగా వ్యతిరేకం.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. మేమేమీ దాచలేదు, మా శాస్త్రవేత్తలు పరిశోధనా పత్రికల్లో ప్రచురిస్తూనే ఉన్నారు, వాటిల్లోంచి కావలసిన ముక్కలు ఏరి మమ్మల్ని దోషుల్ని చేస్తున్నారని వాళ్ళంటారు. ప్రచురించిన మాట నిజమే. ఐతే జర్నల్లో ఒకటి, పేపర్లలో వేసే ప్రకటనల్లో ఇంకొకటి చెప్తే, జనం చదివేది ఏది?

పోయిన ఆ ఇరవై ఏళ్ళకి లెక్క ఉంది. సోలార్ ధర క్యాలెండర్ చూసి తగ్గదు. ప్రపంచంలో ఇప్పటిదాకా తయారైన పలకల మొత్తం రెట్టింపైనప్పుడల్లా ధర సుమారు 20 శాతం పడుతూ వచ్చింది. అంటే ఖరీదుగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు కొంటేనే తర్వాతివాడికి చవకవుతుంది. బెర్మన్ మొదలుపెట్టిన ఆ మెట్లు దిగడం అమెరికాలో చల్లబడింది. చివరికి 2000లో జర్మనీ, సోలార్ కరెంటుని ఎక్కువ ధరకి కొంటామని చట్టం చేసి తన జనం జేబులోంచి డబ్బు పెట్టింది. ఆ గిరాకీ చూసి చైనా ఫ్యాక్టరీలు కట్టింది. ఇప్పుడు పలక ధర వాటుకి 20 సెంట్లు కూడా లేదు. బ్యాటరీదీ ఇదే వరస. ఎక్సాన్ వదిలేసినదాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో గుడ్ఇనఫ్, జపాన్‌లో యోషినో పట్టుకుని సరిచేస్తే, 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. అది కూడా కార్ల కోసం కాదు, వీడియో కెమెరాల కోసం.

మన దగ్గరకొస్తే, ఆ మెట్లన్నీ ఎవరో దిగాక 2017లో కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. సింగరేణి కూడా బొగ్గు గనుల పక్కనే సోలార్ ప్లాంట్లు పెట్టుకుంది. 2025 జులైలో, దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని కేంద్రం ప్రకటించింది. ఇక్కడ సామర్థ్యం వేరు, పుట్టే కరెంటు వేరు అని గమనించాలి. కరెంటులో నాలుగింట మూడు వంతుల దాకా ఇప్పటికీ బొగ్గుదే. మన తలసరి ఉద్గారం రెండు టన్నుల చిల్లర, అమెరికా వాడిది పద్నాలుగు దగ్గర. కాబట్టి బొగ్గు రేపే మూసెయ్యమని మనకి చెప్పే హక్కు వాళ్ళకి లేదు, ఇందులో నాకు అనుమానమే లేదు.

ఐతే మన అసలు చిక్కు ఇప్పుడు పలకలు కాదు, పొద్దుగూకాక ఏడు గంటలకి ఊరంతా ఏసీలు వేసుకునే వేళ. మధ్యాహ్నం కరెంటు రాత్రికి దాచుకోవాలి. అదే కర్నూలు సీమలో పిన్నాపురం దగ్గర, పగలు నీళ్ళు పైకి తోడి రాత్రి కిందకి వదిలే 1680 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టింది ఈ లెక్క మీదే. కొండ లేని చోట మిగిలింది బ్యాటరీయే. దానికి లిథియం కావాలి, మనం దాన్ని బయటనుంచి కొంటున్నాం. 2023 నవంబరులో, ఆర్కాన్సా రాష్ట్రంలో భూమిలోతునున్న ఉప్పునీళ్ళలోంచి లిథియం తీసి అమ్ముతామని ఒక అమెరికా కంపెనీ ప్రకటించింది. పేరు ఎక్సాన్‌మొబిల్.