పాత రాతప్రతుల్లో వృత్తాంతాలు: సేకరణ, సంరక్షణ

పాత రాతప్రతుల్లో చెదురుమదురుగా మిగిలిన చిన్న వృత్తాంతాలను ఏరి, నకలు తీసి, చెడిపోకుండా నిలబెట్టే పని తెలుగు దేశంలో రెండు శతాబ్దాలుగా పద్ధతి ప్రకారం సాగుతోంది. చెరువు తవ్వించిన మనిషి ఉదంతం, కొలువులో రాజుకూ కవికీ నడిచిన సంవాదం, ఒక ఫకీరు చేసిన మేలు, కోట చేజారిన రాత్రి సంగతి వంటివి విడి గ్రంథాలుగా పుట్టినవి తక్కువ. ఎక్కువ భాగం వేరే అవసరానికి రాసిన కాగితాల్లో, తాటాకుల్లో తలదాచుకుని బతికాయి. తెలుగు వాళ్లకు ఇవి మూడు దారుల్లో దక్కాయి: కరణాల లెక్కల నుంచి తయారైన గ్రామ కైఫీయత్తులు, పండితుల తాళపత్రాల్లోని చాటువులు (సందర్భానికి తగ్గట్టు చెప్పిన విడి పద్యాలు), పారసీ, ఉర్దూ భాషల్లోని హికాయత్‌లు (వృత్తాంతాలు), తజ్కిరాలు (జీవితచరిత్రల సంకలనాలు). ఈ మూడింటి జాడలూ హైదరాబాదు తూర్పు భాగంలో ఒకే చోట దొరుకుతాయి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్, దాని పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, అరబ్బీ రాతప్రతులను అచ్చువేసే సంస్థ దాయిరతుల్ మారిఫ్ ఉన్నాయి.

తెలుగు ప్రాంతంలో రాతకు ముఖ్యమైన ఆధారం తాటాకు. ఆకు మీద గంటంతో గీస్తే అక్షరం పడుతుంది గాని కంటికి ఆనదు. దీపపు మసిని నూనెలోనో ఆకుపసరులోనో కలిపి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. ఆకులకు రంధ్రం చేసి, తాడు గుచ్చి, అటూ ఇటూ చెక్కపలకలు వేసి కట్టేవారు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, విరామ చిహ్నాలు ఉండవు, ఎ-ఏ, ఒ-ఓ తేడా అన్ని చోట్లా పాటించరు. పద్యమైతే ఛందస్సును బట్టి పొరపాటు పట్టుకోవచ్చు. వచనంలో రాసిన వృత్తాంతానికి ఆ ఆసరా లేదు. వాక్యం ఎక్కడ ముగిసిందో చదివేవాడే తేల్చుకోవాలి. అందుకే తెలుగు రాతప్రతుల్లో కావ్యాల పాఠం కంటే వచన కథనాల పాఠం తేల్చడం కష్టమైన పని. కరణాలు లెక్కలకు కడితం కూడా వాడేవారు. బట్టకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు పట్టించి నల్లగా చేసి, బలపంతో రాసి మడతలు పెట్టేవారు. చెరిపి మళ్లీ రాయగలగడం దాని సౌకర్యం. అయితే పాత సంగతి చెరిగిపోవడానికి కారణమూ అదే.

గ్రామంలో భూమి ఎవరిది, మాన్యం ఎవరిచ్చారు, శిస్తు ఎంత అనే వివరాలను కరణాలు దండకవిలెల్లో (గ్రామ లెక్కల కట్టల్లో) తరతరాలుగా రాసుకుంటూ వచ్చారు. హక్కును నిలబెట్టుకోవాలంటే దాని పుట్టుక చెప్పాలి. అందువల్ల ఆ లెక్కల్లో కథ చేరింది. అడవి కొట్టించి ఊరు కట్టిన కథ, గుడికి భూమి దక్కిన కథ, కాకతీయుల కాలం నుంచి గోల్కొండ నవాబుల దాకా చేతులు మారిన కథ. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కోరిక మీద ఊరూరా తయారైన కైఫీయత్తులకు మూలం చాలావరకు ఈ దండకవిలెలే. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టిన మెకంజీ 1783లో మద్రాసు చేరాడు. కొలతలు వేసే ఇంజనీరుగా మొదలై 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకు ఇక్కడి భాషలు రావు. ఊళ్లు తిరిగి, కరణాలను, పూజారులను, వృద్ధులను ఒప్పించి విషయం రాబట్టినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి సోదరులూ, వారి కింద పనిచేసిన తెలుగు, తమిళ, మరాఠీ గుమాస్తాలూ. పెద్దవాడు బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఈ జ్ఞానం తనకు తెరుచుకున్నది ఆయన వల్లనేనని మెకంజీ 1817 నాటి ఉత్తరంలో ఒప్పుకున్నాడు. తర్వాత పని నడిపించినవాడు తమ్ముడు లక్ష్మయ్య. మరో తమ్ముడు రామస్వామి దక్కన్ కవుల జీవితాలను ఇంగ్లీషులో 1829లో ప్రచురించాడు. సేకరణకు మెకంజీ పేరే నిలిచిపోయినా అందులో విన్న చెవి, రాసిన చేయి కావలి వారివి.

కైఫీయత్తు ఆకారం దాదాపు ప్రతి ఊరికీ ఒకటే. మొదట గ్రామం, పరగణా, సర్కారు పేర్లు, ఫసలీ సంవత్సరం వస్తాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ 1220 అంటే 1810–11. ఆ తర్వాత ఊరి పేరుకు కారణం, గుడి, చెరువు, పాలకుల వరుస, చివర పంటలు, చెట్లు, ఇళ్లు. పాలకుల వరుసలో తేదీలు తరచూ శాసనాలతో పొసగవు. రాయల కాలపు మనిషి పేరు ప్రతాపరుద్రుడి కాలంలో కనిపించవచ్చు. ఆ కారణంగా వీటిని పుక్కిటి పురాణాలని పక్కన పెట్టడం మాత్రం సరికాదు. 1800 ప్రాంతంలో ఆ ఊరి జనం తమ గతాన్ని ఎలా తలచుకున్నారో, ఏ హక్కును ఏ కథతో కాపాడుకున్నారో కైఫీయత్తు చెప్పినంత బాగా శాసనం చెప్పదు.

మెకంజీ 1821లో చనిపోయాక ఈస్టిండియా కంపెనీ ఆయన సేకరణను కొనుక్కుంది. హెచ్.హెచ్. విల్సన్ తయారుచేసిన జాబితా 1828లో వెలువడింది. కొంత భాగం లండన్‌కు వెళ్లగా, తెలుగుతో సహా దక్షిణ భాషల స్థానిక చరిత్రలు మద్రాసుకు చేరాయి. మిగిలిపోయిన పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఊళ్లతో, కరణాలతో పరిచయమున్న మనిషి చేతిలోంచి ఆ పని జారిపోవడం ఈ చరిత్రలో పెద్ద నష్టం. 1830ల నాటికి కాగితాలు పురుగు పట్టి, సిరా వెలిసిపోతుంటే రెవరెండ్ విలియం టేలర్ వాటిని పరిశీలించి, చెడిపోతున్నవాటికి నకళ్లు తీయించాడు. సి.పి. బ్రౌన్ (1798–1884) తన జీతంలోంచి ఖర్చుపెట్టి పండితులనూ లేఖకులనూ నియమించుకుని కావ్యాలు, వేమన పద్యాలతో పాటు ఈ స్థానిక చరిత్రలకూ శుభ్రప్రతులు రాయించాడు. తెలుగు వాళ్లు ఇవాళ చదువుతున్న కైఫీయత్తు చాలా సందర్భాల్లో నకలుకు నకలు. మూల కవిలెలు దాదాపు పోయాయి. 1869లో ఏర్పడిన మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఈ సంపుటాలకు నిలయమైంది. తర్వాతి కాలంలో గుంటూరు ప్రాంతపు గ్రామ కైఫీయత్తులను హైదరాబాదులోని రాష్ట్ర ఆర్కైవ్స్, కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేశాయి.

చాటువుల దారి వేరు. ఇవి నోటినుంచి నోటికి నడిచి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక పండితుడి తాళపత్రంలో చివర మిగిలిన ఖాళీ ఆకు మీద కుదురుకున్నాయి. గంటం పట్టినవాడు భారతమో వైద్యగ్రంథమో రాయడం ముగించి, మిగిలిన చోట తనకు నచ్చిన పద్యాన్ని గీసుకునేవాడు. పద్యానికి ముందు సందర్భం ఒకటి రెండు మాటల్లో ఉంటుంది, లేదా ఉండదు. మద్రాసు భాండాగారంలో పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) ఇలాంటి ఆకులన్నీ ఓపికగా తిరగేసి చాటుపద్యమణిమంజరిని కూర్చారు. ఒకే పద్యం ఒక ప్రతిలో శ్రీనాథుడిదిగా, మరో ప్రతిలో వేరొకరిదిగా కనిపిస్తుంది. తెనాలి రామకృష్ణుడి పేరుకు చేరిన ముచ్చట్లకైతే లెక్క లేదు. కవి జీవితానికి వీటిని సాక్ష్యంగా వాడటం ప్రమాదమే. పాఠకులు ఏ కవిని ఎలా ఊహించుకున్నారో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి ఆధారం లేదు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) రాసేటప్పుడు కావ్యాలతో పాటు చాటువులను కూడా జనజీవితానికి ఆధారాలుగా తీసుకున్నారు.

హైదరాబాదు సంస్థానంలో తెలుగు ప్రతుల వెదుకులాట ప్రభుత్వం అండ లేకుండానే సాగింది. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించాక ఆయన పేరుతో ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాలనూ రాతప్రతులనూ సేకరించింది. ఆ పనికి వెన్నెముకగా నిలిచినవారు ఆదిరాజు వీరభద్రరావు. మండలి 1935లో తెలంగాణా శాసనములు తొలి సంపుటం తెచ్చింది. తర్వాతి తరంలో ఈ పనిని భుజానికెత్తుకున్నవారు ఉస్మానియా తెలుగు శాఖాచార్యులు బిరుదురాజు రామరాజు (1925–2010). జానపద గేయ సాహిత్యం మీద 1956లో డాక్టరేట్ పొందిన ఆయన ఊళ్లలో పాటలు వింటూనే ఇళ్ల అటకల మీది తాళపత్రాలను కూడా సేకరించారు. ఆంధ్రయోగులు, చరిత్రకెక్కని చరితార్థులు అనే ఆయన గ్రంథాల్లో రాతప్రతి సాక్ష్యమూ నోటిమాటా పక్కపక్కన ఉంటాయి. చదువు లేనివాళ్ల జ్ఞాపకాన్ని పండితుల ఆకుతో సమానంగా చూడటం ఆయన తెచ్చిన మార్పు. ఆ ఇళ్లలో శిథిలమైన ఆకులను నదిలో కలిపే ఆచారం ఉండేది కాబట్టి, ఆలస్యమైతే దొరికేది ఏమీ ఉండేది కాదు.

పారసీ, ఉర్దూ వృత్తాంతాల సంప్రదాయం వీటన్నిటికన్నా పాతది, గ్రంథరూపంలో స్థిరపడినది. దక్కన్‌లో దీనికి పెద్ద ఉదాహరణ మొగలాయి అమీర్ల జీవితచరిత్రల కోశం మఆసిరుల్ ఉమరా. రాసినవాడు నిజాం కొలువులో దివానుగా పనిచేసిన షానవాజ్ ఖాన్. 1758లో ఔరంగాబాదులో అల్లర్లలో ఆయన హత్యకు గురయ్యాడు, ఇల్లు లూటీ అయింది, చిత్తుప్రతి మాయమైంది. మిత్రుడైన కవి ఆజాద్ బిల్‌గ్రామీ దాదాపు ఏడాది పాటు వెదికించి, వరుస తప్పిన ఆకులను సంపాదించి, సర్ది, పీఠిక రాశాడు. పోయిన భాగాలను షానవాజ్ కొడుకు అబ్దుల్ హయ్ మళ్లీ రాసి 1780లో పూర్తిచేశాడు. ఏ అమీరు ఏ సందర్భంలో ఏమన్నాడో, ఎవరి కోపానికి ఎవరు బలయ్యారో తెలిపే వందలాది ముచ్చట్లు ఆ ఒక్క మిత్రుడి పట్టుదల వల్ల దక్కాయి.

ఉస్మానియాకు నేరుగా సంబంధించిన గొప్ప ఉదాహరణ జవామిఉల్ హికాయత్. దీన్ని కూర్చిన సదీదుద్దీన్ అవ్ఫీ మధ్య ఆసియా నుంచి సింధు పాలకుడు నాసిరుద్దీన్ ఖబాచా ఆశ్రయానికి వచ్చాడు. 1228లో ఇల్తుత్మిష్ సైన్యం భక్కర్ కోటను ముట్టడించినప్పుడు ఖబాచా సింధు నదిలో మునిగిపోయాడు. అవ్ఫీ ఢిల్లీ చేరి, వజీరు జునైదీకి అంకితంగా తన గ్రంథం ముగించాడు. నాలుగు భాగాలు, భాగానికి 25 చొప్పున నూరు అధ్యాయాలు, వాటిలో 2,113 వృత్తాంతాలు. ఉస్మానియాలో పారసీ ఆచార్యులుగా పనిచేసిన మహమ్మద్ నిజాముద్దీన్ ఈ గ్రంథం రాతప్రతులను పోల్చి చూసి, ప్రతి వృత్తాంతానికి సంఖ్య ఇచ్చి, అవ్ఫీ ఏ పాత పుస్తకం నుంచి తీసుకున్నాడో గుర్తిస్తూ రాసిన పరిశోధన 1929లో లండన్‌లో అచ్చయింది. అవ్ఫీ వాడుకున్న మూలాల్లో కొన్ని ఇప్పుడు లేవు. వాటి నుంచి మిగిలింది ఆయన ఎత్తిరాసుకున్న ముక్కలే. ఆ తర్వాత నిజాముద్దీన్ దాయిరతుల్ మారిఫ్ డైరెక్టరుగా పనిచేశారు. అరుదైన అరబ్బీ రాతప్రతులను పాఠాలు పోల్చి అచ్చువేయడానికి 19వ శతాబ్ది చివర్లో పుట్టిన ఆ సంస్థ ప్రచురణలు పశ్చిమాసియా, ఐరోపా గ్రంథాలయాల దాకా వెళ్లాయి.

సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం సేకరించిన రాతప్రతులు 1970ల్లో అఫ్జల్‌గంజ్‌లోని ఆ గ్రంథాలయం నుంచి విడివడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయ పరిశోధనాలయంగా ఏర్పడ్డాయి. అరబ్బీ, పారసీ, ఉర్దూ, సంస్కృతం, తెలుగు భాషలవి కలిపి ఇరవై వేలకు పైగా ప్రతులు అందులో ఉన్నాయి. తార్నాకలోని ఆర్కైవ్స్‌కు మూలం నిజాం పాలనలోని దఫ్తర్-ఎ-దివానీ. షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలనకు చెందిన లక్షకు పైగా పారసీ కాగితాలు దాని ప్రత్యేకత. వీటిలో వాకియా పత్రాలనే రోజువారీ వార్తాలేఖలు ఉన్నాయి. కోటలో దొంగతనం, సిపాయిల జీతం తగాదా, వరద వంటి సంగతులు వాటిలో కనిపిస్తాయి. 1660–1671 నాటి పత్రాల్లో ఎంపిక చేసినవాటిని యూసుఫ్ హుసేన్ ఖాన్ 1953లో ప్రచురించారు. కథ చెప్పాలన్న ఉద్దేశం లేకుండా రాసిన ఈ లేఖల్లోని ఉదంతాలకు తేదీ, చోటు కచ్చితంగా ఉంటాయి. కైఫీయత్తులకు లేని బలం అది. రాత మాత్రం షికస్తా అనే గొలుసుకట్టు రాత. నుక్తాలు (అక్షరాల చుక్కలు) సగం ఉండవు, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి దూరిపోతాయి. ఆ రాతలో తెలుగు ఊరి పేరును గుర్తుపట్టాలంటే పారసీతో పాటు ఆ ప్రాంతపు భూగోళమూ తెలిసి ఉండాలి.

సంరక్షణ పద్ధతులు ఆధారాన్ని బట్టి మారతాయి. ఇళ్లలో తాళపత్రాలను బట్టలో చుట్టి, వేపాకు, వస కొమ్ము పెట్టి, వంటింటి పొగ తగిలే చోట ఉంచేవారు. ఇప్పుడు గ్రంథాలయాల్లో ఆకును మెత్తని కుంచెతో తుడిచి, నిమ్మగడ్డి నూనె పూసి, ఎండిన ఆకు విరగకుండా వంగేలా చేస్తారు. కాగితానికి పెద్ద శత్రువు ఇనుము కలిసిన సిరా. అది ఏళ్ల తరబడి కాగితాన్నే తినేసి, అక్షరం ఉన్న చోట చిల్లు మిగులుస్తుంది. పలచని పట్టుబట్టో జపాన్ టిష్యూనో అతికించి దాన్ని నిలబెడతారు. గతంలో ప్లాస్టిక్ పొరతో చేసిన లామినేషన్ కాలక్రమంలో పసుపుబారడంతో వెనక్కి తీయగలిగే పద్ధతులకే ప్రాధాన్యం పెరిగింది. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలయ్యాక సర్వే, శిక్షణ ఊపందుకున్నాయి. రాష్ట్ర ఆర్కైవ్స్ 2022లో నూర్ అంతర్జాతీయ మైక్రోఫిల్మ్ కేంద్రంతో కుదుర్చుకున్న ఒప్పందం పారసీ పత్రాల మరమ్మతుకూ డిజిటలీకరణకూ దారి వేసింది.

డిజిటల్ చిత్రం ఆకును కాపాడుతుంది గాని అందులోని ముచ్చటను వెదికి ఇవ్వదు. గ్రంథాలయ జాబితా ప్రతి పేరు, కర్త, లిపి, ఆకుల సంఖ్య, స్థితి నమోదు చేస్తుంది. వైద్యగ్రంథం చివరి ఆకు మీది చాటువు, లెక్కల మధ్యనున్న చెరువు కథ ఆ గడుల్లో ఎక్కడా పడవు. అచ్చయిన కైఫీయత్తులను గ్రామం పేరుతో, చాటువులను కూర్చిన పుస్తకంలో, అవ్ఫీ వృత్తాంతాలను నిజాముద్దీన్ ఇచ్చిన సంఖ్యతో పట్టుకోవచ్చు. అచ్చుకెక్కని ప్రతులకు అలాంటి సూచికలు రావాలంటే పాత తెలుగు రాతనూ షికస్తానూ చదవగలిగినవాళ్లు ఆకు ఆకునూ చదివి రాసుకోవలసి ఉంటుంది.