పుణె నుంచి బర్మింగ్‌హామ్‌కి ఏడేళ్లు

1994. పుణెలో జాతీయ క్రీడలు జరుగుతున్నాయి. బ్యాడ్మింటన్ డబుల్స్ మ్యాచ్‌లో షటిల్ కోసం కదిలిన ఒక హైదరాబాద్ కుర్రాడి మోకాలు ఒక్కసారిగా మెలిపడింది. లోపల లిగమెంట్ తెగిపోయింది. కుర్రాడికి అప్పుడు 20 ఏళ్లు. పేరు పుల్లెల గోపీచంద్.

అప్పటికింకా అతను దేశమంతా తెలిసిన ఆటగాడు కాదు. పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. చిన్నప్పుడు క్రికెట్ పిచ్చి. ఆ పిల్లాడి చేత బ్యాడ్మింటన్ రాకెట్ పట్టించింది అన్న రాజశేఖర్. ఓనమాలు దిద్దించింది ఎస్.ఎం. ఆరిఫ్. బేగం బజార్ ఇరుకు సందుల్లోంచి బయటపడి, మొజంజాహీ మార్కెట్ దాటి, అబిడ్స్ మీదుగా నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. పాతవాళ్లకి అది ఇప్పటికీ ఫతే మైదానమే. హైదరాబాద్ బ్యాడ్మింటన్‌లో ఒక తరం మొత్తం చెమటోడ్చింది అక్కడే.

ఆ రోజుల్లో మోకాలి లిగమెంట్ తెగిందంటే ఆట అయిపోయిందనే అనుకునేవారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. తొడ ఎముకనీ కాలి ఎముకనీ మోకాలి మధ్యలో కలిపి పట్టుకునే ఏసీఎల్ అనే లిగమెంట్ మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుందంతే. కాలి ఎముక ముందుకి జారకుండా, మోకాలు అడ్డంగా తిరిగిపోకుండా కాపాడేది అది. అది తెగినా తిన్నగా నడవొచ్చు, కొందరు పరుగెత్తుతారు కూడా. పరుగులో ఉన్నట్టుండి పక్కకి మళ్లాలన్నా, ఎగిరి ఒంటికాలి మీద దిగాలన్నా మాత్రం మోకాలు చేతులెత్తేస్తుంది. బ్యాడ్మింటన్, బాస్కెట్‌బాల్, కబడ్డీ, ఏదైనా సరే, ఆ మళ్లడం, ఆ దిగడం లేకుండా ఆటే లేదు.

పూర్తిగా తెగిన ఏసీఎల్ దానంతటది సరిగ్గా అతుక్కుంటుందని నమ్మకంగా చెప్పలేం. అందుకే రోగి ఒంట్లోంచే, మోకాలి చిప్ప కిందినుంచో తొడ వెనకనుంచో ఒక నరంలాంటి పట్టీ తీసి, రెండు ఎముకలకీ సన్నగా బెజ్జాలు వేసి, దాన్ని లోపలికి దూర్చి బిగిస్తారు. ఈ పని ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఆటలోకి దిగడానికి తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు, చాలామందికి ఏడాది పైన.

ఆ నెలల్లో ఏం జరుగుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. మొదటి వారం కసరత్తు ఇదీ: చుట్టిన టవల్‌ని మోకాలి కింద పెట్టుకుని, తొడ కండ బిగించి, దాన్ని మంచానికేసి నొక్కాలి. కొన్ని అంకెలు లెక్కపెట్టి వదలాలి. మళ్లీ నొక్కాలి. నిన్నటిదాకా గాల్లోకి ఎగిరి స్మాష్ కొట్టిన మనిషి తన తొడ వైపు చూస్తూ కూర్చుంటాడు. కండ కదలదు. చూస్తుండగానే ఆ కాలు రెండో కాలి కంటే సన్నబడిపోతుంది. చప్పట్లు కొట్టేవాళ్లుండరు, స్కోరు రాసేవాళ్లుండరు. ఆటగాడి బతుకులో ఇంతకంటే కష్టమైన మ్యాచ్ ఉంటుందని నేననుకోను.

ఈ మధ్య బేగం బజార్‌లో స్టీలు సామాను హోల్‌సేల్ కొట్టు నడిపే ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. కొడుకు బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఆపరేషనై నాలుగో నెల.

“సార్, నొప్పి లేదంటున్నడు పోరడు. గ్రౌండుకు పోతనంటున్నడు. పంపమంటరా?”

“వద్దు సేట్. ఇప్పుడైతే అసలే వద్దు.”

అతికించిన పట్టీకి లోపల కొత్త రక్తనాళాలు పట్టాలి. అది జరిగే మొదటి నెలల్లో పట్టీ గట్టిపడే ముందు ఒకసారి బలహీనపడుతుంది. నొప్పి మాత్రం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. కాలు బాగైపోయిందని మనసు నమ్మే రోజులూ, లోపల పట్టీ తెగడానికి సిద్ధంగా ఉండే రోజులూ ఒకటే. ఇదంతా ఆయనకి చెప్పాను. 2014లో అనేక అధ్యయనాలను కలిపి వేసిన లెక్క కూడా చెప్పాను. ఏసీఎల్ ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో 81 మంది ఏదో ఒక ఆటలోకి వచ్చారు. పాత స్థాయికి చేరింది 65 మంది. పోటీల్లో మళ్లీ దిగింది 55 మంది.

“మరి కడమ 45 మందికి ఏమైంది సార్?” అన్నారాయన.

మంచి ప్రశ్న. వాళ్లలో చాలామందికి మోకాలు బాగానే కుదిరింది. కుదరంది ధైర్యం. ఆ కాలి మీద ఎగిరి దిగబోయే క్షణంలో లిగమెంట్ తెగినప్పటి చప్పుడు గుర్తొస్తుంది, అడుగు వెనక్కి పడుతుంది. ఫిజియో దగ్గర కాలికి కొలతలున్నాయి, రెండు కాళ్ల బలాన్నీ పోల్చి చూస్తారు. ధైర్యాన్ని కొలవడం అంత తేలిక కాదు.

గోపీచంద్‌కి ఒక్క ఆపరేషన్‌తో తీరలేదు. మళ్లీ మళ్లీ కత్తి కిందికి వెళ్లాల్సి వచ్చింది. అయినా 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2000 దాకా వరసగా ఐదేళ్లు ఆ టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇండోనేసియా ఆటగాడు హెంద్రావన్ చేతిలో ఓడి వెనక్కొచ్చాడు. అప్పటికి గాయమై ఆరేళ్లు.

2001 మార్చి. బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ. సెమీఫైనల్లో ఎదురుగా పీటర్ గేడ్. డెన్మార్క్ వాడు, ప్రపంచ నంబర్ వన్. అప్పటి పద్ధతిలో సర్వీస్ చేసేవాడికే పాయింటు. అంచేత ర్యాలీలు గెలిచినా స్కోరు కదలకపోవచ్చు, కాళ్లు మాత్రం అరుగుతూనే ఉంటాయి. 17-14, 17-15. రెండు గేములూ కొసకంటా వెళ్లి గోపీచంద్ వైపు వాలాయి. మార్చి 11న ఫైనల్. చైనా ఆటగాడు చెన్ హాంగ్ మీద 15-12, 15-6. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక మళ్లీ ఒక భారతీయుడు ఆ కప్పు ఎత్తడానికి 21 ఏళ్లు పట్టింది. ఎత్తింది కోసి కుట్టిన మోకాలున్న మనిషి.

బాస్కెట్‌బాల్‌లో ఇంతకంటే ఘోరమైన గాయం షాన్ లివింగ్‌స్టన్‌ది. 2007 ఫిబ్రవరి 26న, 21 ఏళ్ల వయసులో, లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ తరఫున ఆడుతూ ఎగిరి దిగబోయి పడ్డాడు. ఎడమ మోకాలి చిప్ప పక్కకి తొలగింది, ఏసీఎల్‌తో పాటు మరో రెండు లిగమెంట్లు చెడ్డాయి. కాలే తీసేయాల్సి రావచ్చన్నారు ఆసుపత్రిలో. అతను తిరిగొచ్చాడు. ఒక జట్టు తర్వాత మరో జట్టు తిరిగి, చివరికి గోల్డెన్ స్టేట్ వారియర్స్‌తో 2015, 2017, 2018లో మూడు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు. పాత వేగం మాత్రం రాలేదు. ఎత్తునీ ఓపికనీ వాడుకుని, పొట్టి డిఫెండర్ల మీదుగా దగ్గర్నుంచి బంతి వేయడం తన పనిగా చేసుకున్నాడు. సేట్ కొడుక్కి నేను చూపించాలనుకునేది ఇతన్నే. తిరిగొచ్చే ఆటగాడు పాత ఆటగాడే కానక్కర్లేదు.

ఆల్ ఇంగ్లండ్ తర్వాత గాయాలు గోపీచంద్‌ని ఎక్కువ కాలం ఆడనివ్వలేదు. కోచ్ అయ్యాడు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో కట్టిన అకాడమీ 2008లో మొదలైంది. ఆయన దగ్గర పెరిగిన సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి నొప్పితో ఓడి, ఆ నెలలోనే ఆపరేషన్ చేయించుకుంది. 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో, మధ్యలో శిక్షణ కోసం వెళ్లిన బెంగళూరు నుంచి మళ్లీ గోపీచంద్ దగ్గరికి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో పి.వి. సింధు మీద 21-18, 23-21తో స్వర్ణం. ఆ తర్వాత ఆరేళ్లకి, మోకాలికి ఆర్థరైటిస్ వచ్చిందనీ, రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు సాధన చేయడం ఇక తన వల్ల కాదనీ ఆమే చెప్పింది.