కట్టని కాలువలు

కృష్ణ ఆనకట్ట యనగానే మనకు వరిచేలు జ్ఞప్తికి వచ్చును, పడవలు రావు. కాని 1852లో ప్రారంభమై 1855లో ముగిసిన యా కట్టడము విజయవాడ ప్రాంతమున పైరునకు నీటిని, పంటకు బాటను గూడ కల్పించినది. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసెను. పడమటి గట్టున కొమ్మమూరు కాలువ పెదగంజాముకడ బకింగుహాము కాలువను చేరెను. అంతట కాకినాడ పడవ చెన్నపట్టణము వఱకు పోగలిగెను.

అయితే ఆనకట్టకు ఎగువ నున్న మెట్టసీమల రైతునకు ఎద్దుబండియే గతి. ఈ కొఱత తీర్పవలెనని ఆర్థర్ కాటన్ దొర సంకల్పించెను. 1858లో నేర్పడిన మద్రాసు నీటిపారుదల కాలువల కంపెనీ తుంగభద్రనుండి నెల్లూరు తీరము వఱకు కాలువ త్రవ్వదలచి, కడపతో నాగిపోయెను. 1882లో దొరతనమువారు దానిని కొనిరి. ఎగువ గోదావరిపై పడవమార్గపు పనులు 1871లోనే విడువబడెను. ఐనను కాటన్ 1878లో పార్లమెంటు విచారణసంఘము నెదుట మూడుకోట్ల పౌనుల ప్రణాళిక నుంచెను. గోదావరి, తపతుల మీదుగా కాకినాడనుండి సూరతునకును, తుంగభద్ర మీదుగా కార్వారునకును జలమార్గము లందుండెను. సంఘ మంగీకరింపలేదు, అవి కాగితములపైననే నిలిచెను.

ఆక్షేపకులు మూర్ఖులు కారు. వేసవిలో నదు లెండును. ఎగువ రాతిమడుగులు, జలపాతములు కలవు. లాకులు పెక్కు కావలెను. మఱియు సేద్యమునకు నీరు చేలలోనికి పంచిపోవలెను, పడవకు కాలువలోనే నిలువవలెను. మరమ్మతులకై కాలువ కట్టినపుడు పడవయు నాగును.

అయినను తూనిక సమముగా లేదు. తొలి రైలుకంపెనీల మూలధనమునకు నూటికి అయిదు వడ్డీని ఖజానా పూచీపడెను. లోటును ప్రజలు పన్నులతో భరించిరి. కాలువల కంపెనీకి ఆ పూచీ మొదటి పదిలక్షల పౌనులకే దక్కెను. రైలు నష్టపడిన దేశోపకార మనిరి. కాలువ నష్టపడిన వ్యర్థవ్యయ మనిరి. 1893లో కృష్ణపై రైలువంతెనయు, 1899లో చెన్నపురి మార్గమును సిద్ధమైన పిమ్మట పడవవాని బేరము క్రమముగా క్షీణించెను.

2008లో కేంద్రప్రభుత్వము కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, వజీరాబాదునుండి విజయవాడ వఱకు కృష్ణను చేర్చి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. పాతప్రశ్న మరల మన ముంగిట నిలిచినది. లాభమనగా ఖజానాకు చేరు రుసుమా, లేక బస్తాపై తగ్గు కూలియా? గృహిణి కొను బియ్యపు వెలలో బాడుగయు నున్నది. రైతున కందు వెలనుండి తఱుగునదియు అదియే. ఈ రెండింటిని లెక్కలో చేర్చక కాలువను కట్టుటయు, మానుటయు న్యాయము కాదు.