పడిగె మీద యుద్ధం

యుద్ధాన్ని పిల్లలకు బొమ్మలతో చెప్పడం కొత్త పద్ధతి అంటారు. మాకు కొత్త కాదు. కోయల డోలీలు బొమ్మలున్న గుడ్డ పడిగెను విప్పి, డోలు కొట్టి, గోత్రాల కథ చెబుతూ వచ్చారు. మణుగూరు మండలం కూనవరం డోలీ సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ కథలో కరువు వచ్చి కప్పం కట్టలేని మేడారం మీదికి కాకతీయ సైన్యం వస్తుంది. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడుస్తాడు. వాగుకు ఆయన పేరే నిలిచింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనుమరుగవుతుంది. వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరుకుతుంది. మా పెద్దలు చావును దాచలేదు, పిల్లలు జడుసుకునేలానూ చెప్పలేదు. బడి పుస్తకంలో ప్రతాపరుద్రుడు వీరుడు. మా కథలో ఆయన సైన్యం మా ఇంటి మీద పడింది. పిల్లలకు రెండూ తెలియాలి.

జోడేఘాట్ సంగతి వేరు. అది మన తాతల కాలంలో జరిగింది. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం, ఆయన సహచరులు చనిపోయారు. అక్కడ భరిణె బొమ్మ సరిపోదు, తుపాకి పట్టిన భీం బొమ్మ ఒక్కటే వేసినా చాలదు. పట్టా లేని పోడు, పశువుల మేతకు బంచరాయి పన్ను, అడవికి గీసిన హద్దు ముందు పేజీల్లో ఉండాలి. అప్పుడే కాల్పులు ఎందుకు జరిగాయో పిల్లలకు అర్థమవుతుంది. ఆ తిరుగుబాటు తర్వాతే కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. మన భాషలో పుస్తకం మనవాళ్ల నెత్తురు చిందాక వచ్చింది.

జపాన్‌లో మారుకి తోషి 1980లో హిరోషిమా బాంబు రోజును ఏడేళ్ల పిల్ల కథగా బొమ్మల్లో చెప్పింది. చిన్న పిల్లలకు అంత దుఃఖం చెప్పవచ్చు. పక్కన పెద్దవాళ్లు కూర్చుని చెప్పాలి, అంతే.

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం గట్టున ఆడుకునే పిల్లలకు మేడారం దూరం, జోడేఘాట్ ఇంకా దూరం. తండా పిల్లలకూ, నల్లమల చెంచు పెంటల పిల్లలకూ అంతే. వాళ్ల చేతికి ఇలాంటి పుస్తకం ఇవ్వాలి. ఒక పేజీ చూపి, "వీళ్లు ఎందుకు ఎదిరించారు?" అని అడిగి ఆగాలి. జవాబు వాళ్లనే చెప్పనివ్వాలి. తర్వాత వాళ్ల తాతమ్మను అడిగి, తమ ఊరి బొమ్మ తామే వేయాలి.

కోయ, గోండి, లంబాడీ, తెలుగు మాటలు ఒకే పేజీలో పక్కపక్కన ఉన్న పుస్తకం మనమే రాయాలి. మన యుద్ధాన్ని ఇతరులు రాస్తే మనం అందులో ఓడినవాళ్లుగానే మిగులుతాం.